సీసం పెట్టెలో దాచిన యురేనియాన్ని మ్యూయాన్లు ఎలా బయటపెడతాయి?

అడిగిన ప్రశ్న ఇది: "కాస్మిక్ కిరణాల నుంచి వచ్చే మ్యూయాన్లతో కంటైనర్లలో దాచిన అణు పదార్థాన్ని పట్టుకోవచ్చని చదివాను. నిజంగా పనిచేస్తుందా? పనిచేస్తే అన్ని రేవుల్లో ఎందుకు లేదు? గేట్ల దగ్గర ఇప్పటికే రేడియేషన్ డిటెక్టర్లు ఉన్నాయి కదా, అవి చాలవా?"

పనిచేస్తుంది. అయితే చాలామంది అనుకునే తీరులో కాదు. మ్యూయాన్‌కు యురేనియం అని తెలియదు. "ఇక్కడ చాలా బరువైన మూలకం ఏదో గట్టిగా ముద్దకట్టి ఉంది" అని మాత్రమే చెప్పగలదు. ఆ ఒక్క సమాచారానికి అంత విలువ ఎందుకొచ్చిందో తెలియాలంటే మీ మూడో ప్రశ్న నుంచి మొదలుపెట్టాలి. నేను చాలా ఏళ్లు గ్యాస్ నింపిన కణ డిటెక్టర్లతో పనిచేశాను కాబట్టి ఆ వైపు కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిగ్గా చదవండి.

బాంబుకు పనికొచ్చే పదార్థాలు ప్రధానంగా రెండు: బాగా శుద్ధి చేసిన (అంటే యురేనియం-235 అనే రకం వాటా పెంచిన) యురేనియం, ప్లుటోనియం. వీటిలో ప్లుటోనియాన్ని దాచడం కష్టం. అందులో ఉండే ప్లుటోనియం-240 దానంతటదే విచ్ఛిత్తి చెందుతూ, అంటే కేంద్రకం చీలిపోతూ, న్యూట్రాన్లు వదులుతుంటుంది. ఆయుధాల స్థాయి ప్లుటోనియం కిలో ఉంటే సెకనుకు సుమారు 60 వేల న్యూట్రాన్లు వస్తాయి. గేటు దగ్గరి న్యూట్రాన్ డిటెక్టర్‌కు అది చాలు.

యురేనియం అలా కాదు. యురేనియం-235 నుంచి వచ్చే ముఖ్యమైన గామా కిరణం శక్తి 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల, కిరణాల శక్తికి ఇదే కొలత; మెగా దీనికి వెయ్యి రెట్లు, గిగా దానికి వెయ్యి రెట్లు). ఇది చాలా బలహీనమైన కిరణం. అర మిల్లీమీటరు సీసం అడ్డుపెడితే సగానికి పడిపోతుంది, 5 మిల్లీమీటర్లు పెడితే దాదాపు వెయ్యో వంతుకు దిగుతుంది. పైగా యురేనియమే తన కిరణాలను తాను మింగేస్తుంది. ముద్ద ఎంత పెద్దదైనా బయటికొచ్చేది పై పొర నుంచి, మిల్లీమీటరు లోపలి మందం నుంచే. అందుకే 25 కిలోల యురేనియం ముద్దను పలుచటి సీసం రేకుతో చుట్టినా రేడియేషన్ గేటు మౌనంగా ఊరుకునే ప్రమాదం ఉంది. ఆ 25 కిలోల అంకె ఊరికే చెప్పలేదు. ఒక అణ్వస్త్రం తయారయ్యే అవకాశాన్ని కొట్టిపారేయలేని పరిమాణంగా అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్కగట్టింది, శుద్ధి చేసిన యురేనియంలో 25 కిలోల యురేనియం-235, లేదా 8 కిలోల ప్లుటోనియం.

ఇది కాగితం మీది భయం కాదని 2002, 2003లలో తేలింది. అమెరికాకు చెందిన ఏబీసీ న్యూస్ వాళ్లు 6.8 కిలోల క్షీణించిన యురేనియాన్ని (యురేనియం-235ను చాలావరకు తీసేశాక మిగిలినదాన్ని) సీసం పూత ఉన్న గొట్టంలో పెట్టి, ఒకసారి ఇస్తాంబుల్ నుంచి న్యూయార్క్‌కు, మరుసటి ఏడాది జకార్తా నుంచి లాస్ ఏంజెలిస్‌కు ఓడ కంటైనర్లలో పంపించారు. రెండుసార్లూ అది ఎవరి కంటా పడకుండా చేరిపోయింది. 6.8 కిలోలంటే పెద్ద వస్తువు అనుకోకండి. యురేనియం సాంద్రత నీటికి 19 రెట్లు కాబట్టి ఆ ముద్ద మొత్తం 360 ఘన సెంటీమీటర్లు మించదు. ఒక కూల్‌డ్రింక్ డబ్బా అంత.

ఇక మ్యూయాన్ల సంగతి. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు మన వాతావరణం పై పొరల్లో గాలి అణువులను ఢీకొన్నప్పుడు పుట్టే కణాల్లో ఇవి ఒకటి. 1936లో కార్ల్ ఆండర్సన్, సెత్ నెడర్‌మేయర్ వీటిని గుర్తించారు. ఎలక్ట్రాన్‌కు అన్నలాంటిది: అంతే విద్యుదావేశం (కొన్నింటికి రుణం, కొన్నింటికి ధనం), బరువు మాత్రం 207 రెట్లు. ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. ఆ లెక్కన కాంతివేగంతో పరిగెత్తినా 660 మీటర్లు దాటకముందే అంతరించాలి. కానీ అంత వేగంలో వాటి గడియారం నెమ్మదిస్తుంది కనుక పదిహేను కిలోమీటర్ల ఎత్తు నుంచి నేల దాకా దిగగలుగుతున్నాయి. సముద్రమట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి చొప్పున పడుతుంటాయి. చదరపు మీటరుకైతే నిమిషానికి 10 వేలు. మీరు అరచేయి చాపితే ఇది చదివేలోపు కొన్ని దాని గుండా దూసుకుపోయి ఉంటాయి.

బరువు ఎక్కువ కాబట్టి ఎలక్ట్రాన్‌లా వెంటనే ఆగిపోదు. కేంద్రకాలతో బలంగా చర్య జరపదు కాబట్టి ప్రోటాన్‌లా చెల్లాచెదురవదు. నేలమీద సగటు మ్యూయాన్ శక్తి 3 నుంచి 4 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటుంది. ఉక్కులో అది సెంటీమీటరుకు పోగొట్టుకునేది 11 మెగా ఎలక్ట్రాన్ వోల్టులే. అంటే మీటరు మందం ఉక్కు దిమ్మె అడ్డొచ్చినా చాలావరకు దాటిపోతాయి. ఇంత చొచ్చుకుపోయే కిరణాలు ఆకాశం నుంచి ఉచితంగా, ఎవరికీ అదనపు రేడియేషన్ తగలకుండా వస్తున్నప్పుడు వాటితో ఫొటో తీయాలన్న ఆలోచన రావడం సహజమే.

మొదట వచ్చిన ఆలోచన ఎక్స్‌రే లాంటిదే, ఎన్ని దాటాయో ఎన్ని ఆగాయో లెక్కపెట్టడం. 1955లో ఇ.పి. జార్జ్ ఆస్ట్రేలియాలో ఒక సొరంగం మీద ఎంత రాయి ఉందో ఇలాగే కొలిచాడు. లూయీ అల్వారెజ్ బృందం గిజాలోని ఖాఫ్రే పిరమిడ్‌లో రహస్య గదుల కోసం వెతికి, చూసిన భాగంలో ఏమీ లేవని 1970లో ప్రకటించింది. 2017లో ఖుఫు పిరమిడ్‌లో కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ బయటపడింది కూడా ఈ దారిలోనే. కొండకో పిరమిడ్‌కో ఈ పద్ధతి బాగుంటుంది, ఎందుకంటే నెలల తరబడి కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు. లారీ అన్ని నెలలు ఆగదు. పైగా కంటైనర్లో 10 సెంటీమీటర్ల యురేనియం మ్యూయాన్ శక్తిని 200 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల మేరకే తగ్గిస్తుంది. అందువల్ల ఆగిపోయే మ్యూయాన్లు ఏ కొన్నో. ఆ నీడ ఒక్క నిమిషంలో కనబడదు.

మలుపు 2003లో వచ్చింది. లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాల బృందం 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించింది. వాళ్లు ఎన్ని ఆగాయన్నది పక్కనపెట్టి, దాటిపోయినవి ఎంత వంగాయో చూశారు. 5.5 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న టంగ్‌స్టన్ స్తూపాన్ని డిటెక్టర్ల మధ్య పెట్టి దాని ఆకారాన్ని తిరిగి గీసి చూపించారు. ఆగిపోయే మ్యూయాన్ అరుదు కానీ, వంగని మ్యూయాన్ ఉండదు. ప్రతి ఒక్కటీ ఏదో ఒక సమాచారం మోసుకొస్తుంది. వేగం అక్కడి నుంచే వచ్చింది.

మ్యూయాన్ ఎందుకు వంగుతుంది? అది ఆవేశం ఉన్న కణం. ప్రతి కేంద్రకం పక్క నుంచి పోతున్నప్పుడు దాని విద్యుత్ బలం చిన్న తోపు తోస్తుంది. కేంద్రకంలో ప్రోటాన్లు ఎక్కువుంటే తోపు పెద్దది. యురేనియంలో 92, సీసంలో 82, ఇనుములో 26, అల్యూమినియంలో 13. ఇలాంటి లక్షల తోపులు కలిసి చివరికి దారిని కొద్దిగా మళ్లిస్తాయి. ఈ గుణాన్ని ఒక్క అంకెలో చెప్పడానికి రేడియేషన్ లెంగ్త్ అనే కొలత వాడతాం. నీటికి అది 36 సెంటీమీటర్లు, అల్యూమినియానికి 8.9, ఇనుముకు 1.76, సీసానికి 0.56, యురేనియానికి 0.32. ఈ అంకె ఎంత చిన్నదైతే ఆ పదార్థం మ్యూయాన్‌ను అంత గట్టిగా మళ్లిస్తుంది. నీళ్లకూ యురేనియానికీ వంద రెట్లకు మించిన తేడా. కంటైనర్లను దాటగల గట్టి ఎక్స్‌రేల శోషణలో ఇంత తేడా దొరకదు.

లెక్క వేసి చూపిస్తాను, ఇది చేతితో చేసుకోగలిగినదే. మందాన్ని రేడియేషన్ లెంగ్త్‌తో భాగించి, వర్గమూలం తీసి, 13.6ను మ్యూయాన్ ద్రవ్యవేగంతో (మెగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో) భాగించగా వచ్చిన దానితో గుణించాలి. 3 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల మ్యూయాన్ 10 సెంటీమీటర్ల యురేనియం దాటితే సుమారు 25 మిల్లీరేడియన్లు వస్తుంది, అంటే డిగ్రీన్నర. అదే మందం సీసానికి 19, ఇనుముకు 11, నీటికి 2.4. మంచి డిటెక్టర్ కొన్ని మిల్లీరేడియన్ల తేడాను పట్టేస్తుంది. 25 కిలోల యురేనియం సుమారు 11 సెంటీమీటర్ల ఘనం అవుతుంది, 8 కిలోల ప్లుటోనియం ఏడున్నర సెంటీమీటర్ల లోపు. ఇప్పుడు చెప్పిన పది సెంటీమీటర్ల లెక్క సరిగ్గా ఈ పరిమాణాల మధ్యలో పడుతుందని గమనించండి.

ఇక్కడే అసలు విషయం. దొంగరవాణా చేసేవాడికి ఉన్న రక్షణ ఒక్కటే, అడ్డుకట్ట. కొన్ని యురేనియం నమూనాల్లో జాడగా ఉండే యురేనియం-232 వంశంలో (అది క్షయిస్తూ పుట్టించే మూలకాల వరుసలో) 2,614 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గట్టి గామా కిరణం ఒకటి పుడుతుంది. దాన్ని వెయ్యో వంతుకు తగ్గించాలంటే 14 సెంటీమీటర్ల సీసం కావాలి. రేడియేషన్ గేటు నుంచి తప్పించుకోవడానికి అతడు సీసం పెంచుతూ పోయిన కొద్దీ మ్యూయాన్లకు ఆ పెట్టె ఇంకా స్పష్టంగా కనబడుతుంది. సీసం తీసేస్తే గామా గేటు పట్టుకుంటుంది. పలుచటి సీసంతో 186 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాన్ని మాత్రమే ఆపి ఊరుకుంటే, లోపలి ముద్ద మ్యూయాన్లకు దొరుకుతుంది. ప్లుటోనియం న్యూట్రాన్లను ఆపడానికి సీసం పనికిరాదు, పాలిథిలిన్ లాంటి హైడ్రోజన్ ఎక్కువున్న పదార్థం మందంగా కావాలి. అది మ్యూయాన్లకు దాదాపు కనబడదు. దాన్ని దాటుకుని అవి నేరుగా నడిమి ముద్ద దగ్గరికే వెళ్తాయి. అందుకే నన్నడిగితే మ్యూయాన్ యంత్రాన్ని రేడియేషన్ గేటుకు పోటీగా చూడకూడదు. రెండూ పక్కపక్కన ఉన్నప్పుడే రెంటికీ అర్థం.

యంత్రం ఎలా ఉంటుందంటే, లారీ పైన ఒక డిటెక్టర్ పొర, కింద ఒక పొర. ఒక్కో పొరలో వరుసలు వరుసలుగా అల్యూమినియం గొట్టాలు, ప్రతి దాని నడుమ సన్నటి తీగ, లోపల ఆర్గాన్ ప్రధానంగా ఉన్న వాయు మిశ్రమం, తీగకు ఎక్కువ వోల్టేజి. మ్యూయాన్ దాటినప్పుడు వాయువులో విడిపోయిన ఎలక్ట్రాన్లు తీగ దాకా రావడానికి పట్టిన సమయాన్ని బట్టి అది తీగకు ఎంత దూరంగా పోయిందో మిల్లీమీటరులో భాగం వరకూ చెప్పవచ్చు. కొన్ని బృందాలు గొట్టాలకు బదులు సింటిలేటర్ (కణం తగిలితే మెరిసే పదార్థం) పట్టీలు వాడతాయి, ఇటలీలోని కటానియాలో జరిగిన మ్యూయాన్ పోర్టల్ పని ఆ కోవలోది. పై పొరలు వచ్చిన దారి చెబుతాయి, కింది పొరలు పోయిన దారి చెబుతాయి. రెండు గీతలు ఎక్కడ దగ్గరగా కలుస్తాయో అక్కడ వంపు జరిగిందని అనుకుని చుక్క పెడతాం. వేల చుక్కలు పెట్టాక బొమ్మ తేలుతుంది.

నిజానికి వంపు ఒక్క చోట జరగదు, దారి పొడుగునా జరుగుతుంది. అందుకని ఈ చుక్కల పద్ధతి ముద్ద ఆకారాన్ని కాస్త చెరుపుతుంది. సంభావ్యతను బట్టి ప్రతి చిన్న గడికీ ఎంత వంపు అంటగట్టాలో పదేపదే సవరించుకుంటూ పోయే పద్ధతులు ఆ తర్వాత వచ్చాయి. కంప్యూటర్ భారం ఎక్కువ, బొమ్మ బాగుంటుంది. ఇక్కడ అనుభవంతో ఒక మాట. బొమ్మ చెడిందంటే పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పు గణితంలో ఉండదు, పై పొరకూ కింది పొరకూ మధ్య అమరికలో ఉంటుంది. ఎండకు ఉక్కు చట్రం అర మిల్లీమీటరు సాగినా ప్రతి మ్యూయాన్ వంగినట్టే కనబడుతుంది. మేము యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు నమోదైన మ్యూయాన్లతోనే అమరికను రోజూ సరిచూసుకునేవాళ్లం. ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

ఇప్పుడు రెండో ప్రశ్న, అన్నిచోట్లా ఎందుకు లేదు. ప్రధాన కారణం సమయం. ఎక్స్‌రే యంత్రంలో కాంతి తక్కువైతే కరెంటు పెంచుతాం. మ్యూయాన్ల వానను మనం పెంచలేం. 10 సెంటీమీటర్ల చదరం మీద నిమిషానికి సుమారు 100 పడతాయి, వాటిలో ఏటవాలుగా వచ్చి రెండు పొరలకూ దొరకనివి కొన్ని పోతాయి. ఆ మిగిలినవాటితోనే తీర్పు చెప్పాలి. యురేనియం వంపు ఇనుముకు రెట్టింపు కంటే ఎక్కువ కాబట్టి ఖాళీగా ఉన్న కంటైనర్లో కొన్ని పదుల మ్యూయాన్లు చాలు. సరుకు నిండా ఉంటే చాలవు.

అందులో ఇంకో చిక్కుంది. ఒక్కో మ్యూయాన్ శక్తి ఎంతో మనకు ముందుగా తెలియదు. నెమ్మదైన మ్యూయాన్ మామూలు ఉక్కులో కూడా పెద్దగా వంగి యురేనియంలా భ్రమ పుట్టిస్తుంది. కింది పొరల మధ్య తెలిసిన మందం ఉక్కు పలకలు పెట్టి, వాటిలో ఎంత వంగిందో చూసి శక్తిని అంచనా వేస్తే ఈ భ్రమ చాలావరకు తగ్గుతుంది, యంత్రం బరువు పెరుగుతుంది.

సరుకు గురించి భయపడినంత ఇబ్బంది లేదని మాత్రం లెక్క చెబుతుంది. 40 అడుగుల కంటైనర్ అడుగు వైశాల్యం సుమారు 28 చదరపు మీటర్లు, మోయగల సరుకు 26 టన్నుల ప్రాంతం. మొత్తం ఇనుమే నింపి సమంగా పరిచినా 12 సెంటీమీటర్ల మందం పలక అవుతుంది, అంతే. అంటే సుమారు 7 రేడియేషన్ లెంగ్త్‌లు. దాని మధ్య 10 సెంటీమీటర్ల యురేనియం ఒక్కటే 31. రోడ్డు మీద, ఓడ మీద ఉన్న బరువు పరిమితే మనకు సాయం చేస్తోంది. ఇబ్బందల్లా సమంగా పరచనప్పుడు. మీటరు మందం ఉక్కు కాయిల్ ఉంటే దాని మొత్తం వంపు యురేనియాన్ని మించిపోతుంది. అప్పుడు మొత్తం ఎంత అన్నది చాలదు, ఏ గడిలో ఎంత అన్నది తేల్చాలి. దానికి ఎక్కువ మ్యూయాన్లు, అంటే ఎక్కువ నిమిషాలు కావాలి. ఆచరణలో చేసేది ఏమిటంటే, అనుమానం లేని లారీని త్వరగా వదిలేయడం, తేలని దాన్ని ఇంకొంతసేపు నిలబెట్టడం. ఇది తెలివైన పద్ధతి, కానీ రద్దీగా ఉన్న గేటులో ప్రతి అదనపు నిమిషానికీ వెనక వరుస పెరుగుతుంది.

ఈ సాంకేతికత ప్రయోగశాల దాటింది. లాస్ అలమోస్ నుంచి లైసెన్సు తీసుకున్న డెసిషన్ సైన్సెస్ అనే సంస్థ 2012లో బహామాస్‌లోని ఫ్రీపోర్ట్ కంటైనర్ రేవులో లారీ మొత్తాన్ని లోపలికి తీసుకునే యంత్రాన్ని నిలిపింది. అవే గొట్టాలు గామా కిరణాలను కూడా నమోదు చేస్తాయి, కాబట్టి నేను పైన చెప్పిన రెండు పరీక్షలూ ఒకే చోట జరుగుతాయి. 2007లో అమెరికా తమ దేశానికి వచ్చే ప్రతి కంటైనర్‌నూ విదేశీ రేవుల్లోనే స్కాన్ చేయాలని, 2012కల్లా అది పూర్తవ్వాలని చట్టం చేసింది. ఆ గడువు వచ్చినప్పుడల్లా రెండేళ్ల చొప్పున పొడిగిస్తూ వచ్చారు. మ్యూయాన్ యంత్రాలు కొద్ది చోట్లకే పరిమితం కావడానికి భౌతికశాస్త్రం కంటే రేవుల తొందర, ఖర్చే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఎక్స్‌రే స్కానర్లతో పోల్చి అడిగేవాళ్లు ఉంటారు. పెద్ద కంటైనర్ స్కానర్లు 6 నుంచి 9 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలు వాడతాయి, బొమ్మ సెకన్లలో వస్తుంది, మ్యూయాన్ బొమ్మ కంటే చాలా పదునుగా ఉంటుంది. తుపాకులో సిగరెట్లో వెతకాలంటే వాటికి సాటి లేదు. కానీ లారీలో మనుషులు ఉండకూడదు. మ్యూయాన్ యంత్రంలో డ్రైవర్ తన సీట్లోనే కూర్చోవచ్చు, కంటైనర్లో ఎవరైనా దాక్కుని ఉన్నా వాళ్లకు హాని జరగదు. నాకు ఈ అంశం చాలా ముఖ్యం. సరిహద్దుల్లో కంటైనర్లలో మనుషులు కూడా ప్రయాణిస్తుంటారు.

చేయలేనివీ చెప్పాలి. మ్యూయాన్‌కు ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాల) తేడా తెలియదు. బాంబుకు పనికొచ్చే యురేనియం, బాంబుకు పనికిరాని క్షీణించిన యురేనియం దానికి ఒకటే. టంగ్‌స్టన్, బంగారం కూడా దాదాపు అలాగే కనబడతాయి. కాబట్టి యంత్రం మోగితే అర్థం "ఈ పెట్టె తెరిచి చూడండి" అనే. ఆ పెట్టె కాగితాల్లో టంగ్‌స్టన్ కడ్డీలని రాసి ఉంటే విషయం అక్కడితో ముగియవచ్చు, ఏమీ రాసి లేకపోతే అప్పుడు అనుమానించాలి.

ఇంకా పెద్ద పరిమితి పరిమాణం. ఇప్పటిదాకా పట్టుబడిన కేసులు చూడండి. 1994 ఆగస్టులో మ్యూనిక్ విమానాశ్రయంలో దొరికిన ప్లుటోనియం 363 గ్రాములు. అదే ఏడాది డిసెంబరులో ప్రాగ్‌లో దొరికిన యురేనియం 2.7 కిలోలు. 2010లో జార్జియాలోని టిబిలిసిలో పట్టుకున్నది 18 గ్రాములు, అది సీసం పూత పూసిన సిగరెట్ పెట్టెలో ఉంది. 18 గ్రాములంటే ఒక ఘన సెంటీమీటరు. దాని మీద నిమిషానికి ఒక మ్యూయాన్ పడుతుంది. లారీని అక్కడే నిలబెట్టినా తేలదు. అలాంటి నమూనాలను పట్టించింది ఎక్కువగా పోలీసుల వల, కొనుగోలుదారులుగా నటించిన అధికారులు. పూర్తి బాంబుకు సరిపడే ముద్ద ఒకేసారి కదిలే రోజు కోసమే మ్యూయాన్ గేటు. ముక్కలుగా కదిలితే ఆ పని వేరే వాళ్లది.

ఐసోటోపుల చిక్కుకు ఒక దారి కనిపిస్తోంది. రుణావేశం ఉన్న మ్యూయాన్లలో కొన్ని నెమ్మదించి యురేనియంలోనే ఆగిపోతాయి. అలా ఆగినదాన్ని కేంద్రకం లాక్కుంటుంది, కొన్నిసార్లు విచ్ఛిత్తి కూడా జరుగుతుంది, న్యూట్రాన్లు బయటికొస్తాయి. సీసంలో ఆగినా కొన్ని న్యూట్రాన్లు వస్తాయి, కానీ విచ్ఛిత్తి చెందగల పదార్థంలో అవి గొలుసుగా పెరుగుతాయి. పై పొరలో కనబడి కింది పొరలో కనబడని మ్యూయాన్‌ను, ఆ వెంటనే వచ్చిన న్యూట్రాన్‌ను జతకలిపి చూస్తే ముద్ద విచ్ఛిత్తి చెందగల పదార్థమా, కాదా అన్నది విడదీయవచ్చు. లాస్ అలమోస్ బృందాలు ఈ పద్ధతిని ప్రయోగాల్లో చూపించాయి. ఆగే మ్యూయాన్లు తక్కువ కాబట్టి దీనికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. మొదటి పరీక్షలో మోగిన పెట్టెను పక్కకు తీసి, తెరిచే ముందు చేయాల్సిన రెండో పరీక్షగా ఇది సరిపోతుంది.

సమయం ఒత్తిడి లేని చోట ఇదే పరికరం ఏం చేయగలదో చూశాం. ఇదాహో జాతీయ ప్రయోగశాలలో వాడిన అణు ఇంధనం నిల్వ చేసిన, మూత బిగించిన పెట్టెను తెరవకుండానే లోపల ఇంధన కట్టలు లేని గడులను మ్యూయాన్ల వంపుతో గుర్తించారు. ఫుకుషిమా ఒకటో రియాక్టర్‌లో 2015లో ఆపి లెక్కపెట్టే పాత పద్ధతితోనే ఇంధనం ఉండాల్సిన చోట లేదని తేల్చారు. రేవు గేటులో నిమిషం దొరకని యంత్రానికి అక్కడ వారాలు దొరికాయి. మీకు ఈ రంగంలో పనిచేయాలన్న ఆసక్తి ఉంటే నేనైతే ఆ నిల్వ పెట్టెల పనితో మొదలుపెట్టమంటాను. అమరిక, శక్తి అంచనా, బొమ్మ కట్టే గణితం, మూడూ తొందర లేకుండా అక్కడే చేతికి వస్తాయి.